ఐలన్న ధారపోసిన జపం

బొల్లారం పారిశ్రామికవాడలో ఒక బాయిలరు షిఫ్టు మొత్తం ఊక లేకుండా, బొగ్గు లేకుండా, కేవలం మంత్రబలంతో ఆవిరి ఇచ్చింది. ఆ షిఫ్టులో పొయ్యి దగ్గర ఉన్నవాడు లక్డారం ఐలన్న. పొయ్యి తలుపు మూసి, కళ్ళు మూసి, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. గేజి మీది ముల్లు ఉన్నచోట నుంచి వెంట్రుకవాసి కదలలేదు.

సరే, షిఫ్టు మొత్తం కాదు. క్యాంటీనుకు వెళ్ళి చాయ్ తాగి వచ్చేంత సేపు. ఊక బొత్తిగా లేదనడం కూడా న్యాయం కాదు. తడి ఊక ఉంది. ముందురోజు వానలో లారీ మీద టార్పాలిన్ కప్పడం ఎవరో మరిచిపోయారు. తడి ఊకతో ఆ బాయిలరు చల్లారకుండా నిలబడటం వింతేనని ఒప్పుకున్నవాళ్ళు కంపెనీలో చాలామంది ఉన్నారు. లోపల పాత నిప్పు మిగిలి ఉంటుందిలే అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో మనకు పేచీ లేదు. ఐలన్న మంత్రం జపించిన మాట మాత్రం నిజం. ఆ జపం ఎవరి పాలైందన్నదే అసలు సంగతి.

ఐలన్న పుట్టుకతో బాయిలరు మనిషి కాదు. లక్డారంలో తాతలనాటి పొలం, పొలం మధ్యలో రాతికట్టు బావి ఉన్న ఇంటివాడు. చిన్నప్పుడు ఆ బావి మీద మోట తోలాడు. ఎద్దులు వెనక్కి నడిస్తే తోలుబొక్కెన నీళ్ళలోకి దిగేది, ముందుకు నడిస్తే నిండుగా పైకి వచ్చేది. తరువాత కరెంటు మోటారు వచ్చింది. ఎనభైల చివర్లో ఫ్యాక్టరీల మురుగు దిగి ఆ బావి నీళ్ళు రంగు తిరిగాయి. మొదట పలచని చాయ్ రంగు, ఆపైన చిక్కటి కషాయం రంగు. మడికి పెడితే నారు ఎర్రబడింది. బర్రె మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పుకుని ఐలన్న వైపు చూసింది. ఆ చూపుకు జవాబు చెప్పలేక అతను పనికి బయలుదేరాడు. బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో బాయిలరు పొయ్యిలో ఊక వేసే పని దొరికింది.

బాయిలరు పక్కన పొగను లాగే పెద్ద ఫ్యాను ఒకటుంది. దాని హోరు షిఫ్టుతో ఆగేది కాదు. ఐలన్న వెంటే కంపెనీ బస్సెక్కి, పటాన్‌చెరులో దిగి, ఆటోలో లక్డారం వచ్చి, అతనితో పాటు అన్నం తిని, అతని పక్కలోనే పడుకునేది. భార్య సత్తెమ్మ పిలిస్తే వినపడేది కాదు. వినపడితే కోపం వచ్చేది.

"గా ఫ్యానును చెవుల పెట్టుకొని ఇంటికి తెస్తున్నవేందయ్యా? గేటు కాడ దించి రారాదా?" అనేది సత్తెమ్మ.

"నేనేమన్న ఎక్కించుకుంటున్ననా? అదే వస్తున్నది."

"అయితే దానికి గూడ ఒక పీట వేస్త. నువ్వు, అది కూసోని తినుండ్రి."

పొద్దటి షిఫ్టు బస్సులో ముందు వైపు కిటికీ పక్క సీటు కామేశ్వరరావుది. ఆయనది తణుకు ప్రాంతం. పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగమని ఇటు వచ్చి, అక్కడ రిటైరయ్యాక ఈ కంపెనీలో స్టోర్సు చూసుకుంటున్నాడు. బస్సు ఎక్కగానే కుడిచేతిని ఒక ఎర్రగుడ్డ సంచిలో దూర్చి కళ్ళు మూసుకునేవాడు. బస్సు గుంతలో పడినా సంచిలో చెయ్యి మెల్లగా మెదులుతూనే ఉండేది.

"బాబాయ్‌గారూ, ఆ సంచిలో కుందేలుపిల్లని పెంచుతున్నారా ఏంటండీ? తెగ నిమిరేస్తున్నారు!" అని వెనకనుంచి కేకేసేవాడు వీర్రాజు. అతను ఫిట్టరు. కాకినాడ కుర్రాడు, నోరు ఊరుకోదు.

"నీ నోరు ఇందులో పెట్టి కుట్టేస్తే గానీ ఈ బస్సు బాగుపడదురా," అనేవాడు కామేశ్వరరావు, కళ్ళు తెరవకుండానే.

ఒకరోజు పక్క సీటు ఖాళీగా ఉంటే ఐలన్న కూర్చున్నాడు. చాలాసేపు ఉగ్గబట్టుకుని, బస్సు రైల్వేగేటు దగ్గర ఆగినప్పుడు అడిగేశాడు.

"సారూ, నిజంగ అండ్ల ఏమున్నది?"

కామేశ్వరరావు సంచి అంచు కొంచెం తొలగించి రుద్రాక్షమాల చూపించాడు. బొటనవేలు, ఉంగరపువేలు పూసలు తిప్పుతాయి. చూపుడువేలు తగలకూడదు, అది ఎదుటివాణ్ణి చూపించి బెదిరించే వేలు. మాల చివర ఉన్న పెద్ద పూసను దాటకూడదు. దాని దాకా వచ్చి మళ్ళీ వెనక్కి తిరగాలి. పూసకొక్కసారి మంత్రం.

"ఒక్క మాటనే గన్నిసార్లు ఎందుకు సారూ? దేవునికి ఒక్కసారి చెప్తె వినపడదా?"

"దేవుడికి వినపడుతుందయ్యా. వినపడాల్సింది మనకి. మననం చేసేవాణ్ణి కాపాడేది కాబట్టి మంత్రం అన్నారు. మనసుకి ఒకే దారి చూపించి, అందులోనే తిప్పి తిప్పి, వేరే దారులు మరిచిపోయేటట్టు చెయ్యటం."

ఐలన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించాడు. "మోట తోలినట్టు. పోయిన తొవ్వలనే పోవుడు, వచ్చిన తొవ్వలనే వచ్చుడు. ఎద్దులకు విసుగే గని, నీళ్ళయితే పైకొస్తయి."

కామేశ్వరరావు మొదటిసారి పూర్తిగా కళ్ళు తెరిచి అతని వైపు తిరిగాడు. "నీకు ఇది పట్టుబడుతుందయ్యా ఐలన్నా," అన్నాడు.

ఆ రోజునుంచి ఐలన్న వదల్లేదు. నాకు గూడ చెప్పు సారూ, నా తలకాయల ఫ్యాను దిగాలె అని వెంటపడ్డాడు. కామేశ్వరరావు రకరకాలుగా తప్పించుకున్నాడు. మంచిరోజు చూడాలన్నాడు, మూఢం అన్నాడు, ముందు మాంసం మానమన్నాడు. ఐలన్న మాంసం మానేశాడు. పండుగనాడు యాటకూర వండి పక్కన పెట్టుకుని సత్తెమ్మ ఏడ్చినంత పని చేసింది.

అలా ఏడాది గడిచాక కామేశ్వరరావు భార్య అన్నపూర్ణకు గుండెనొప్పి వచ్చింది. సిటీలో పెద్దాసుపత్రిలో పెట్టారు. ఐలన్న పండ్లు పట్టుకుని చూసివచ్చాడు. ఆవిడ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఇంటికి తీసుకువచ్చిన వారానికి కామేశ్వరరావు బస్సులో తనంతట తానే అన్నాడు: "సోమవారం పొద్దున్నే స్నానం చేసి, ఏమీ తినకుండా మా ఇంటికి రా."

అంత కష్టంలో కూడా సారు నన్ను మరువలేదు అనుకున్నాడు ఐలన్న. కొత్త తువ్వాలు కొనుక్కుని వెళ్ళాడు.

పటాన్‌చెరులో వాళ్ళ ఇంటి దేవుడి గదిలో ఇద్దరి తలల మీదా ఆ తువ్వాలు కప్పి, చేతికి ఒక రుద్రాక్షమాల ఇచ్చి, కుడిచెవిలో కామేశ్వరరావు మంత్రం చెప్పాడు. అదేమిటో ఇక్కడ చెప్పడం కుదరదు. పెళ్ళానికి కూడా చెప్పని మనిషి దాన్ని కథలు చెప్పేవాళ్ళకు చెబుతాడా? చిన్నది అని మాత్రం తెలుసు. ఐలన్నకు ఒక్క తడవకే వచ్చేసింది. దాని తోక మాత్రం పొడుగు. జపానికి ముందు ఒకసారి, జపం ముగించి అరచేతిలోంచి నీళ్ళు వదిలేటప్పుడు ఒకసారి చెప్పవలసిన సంస్కృత వాక్యం అది. అందులో కౌండిన్యస గోత్రం ఉంది, కామేశ్వరరావు నామధేయం ఉంది, ధర్మపత్నీ సమేతం ఉంది. ఆ వాక్యం కంఠతా రావడానికి నెల పట్టింది. మంత్రంలో తప్పు పోయినా చూసీచూడనట్టు వదిలిన కామేశ్వరరావు, ఈ వాక్యంలో అక్షరం తప్పితే మళ్ళీ మొదటినుంచి చెప్పించేవాడు.

"ఇండ్ల మీ పేరెందుకున్నది సారూ?" అని ఐలన్న అడగకపోలేదు.

"గురువు పేరు తలవకుండా జపం మొదలుపెడతావా?"

"అయ్యో, తప్పు తప్పు," అని ఐలన్న చెంపలు వేసుకున్నాడు.

"ఇంకో మాట. ఫలం సంగతి నువ్వు పట్టించుకోకు. ఇది కావాలి, అది కావాలి అని ఆశ పెట్టుకున్నావా, జపం పాడైపోతుంది. చేస్తూ పో, అంతే."

ముందు గదిలో మంచం మీదనుంచి అన్నపూర్ణ సన్నని గొంతుతో అంది: "ఆయన చెప్పినట్టు జాగ్రత్తగా చెయ్యి తమ్ముడూ. నీకు మంచి జరుగుతుంది."

జపం మూడు రకాలు. పైకి వినపడేలా చేసేది వాచికం. పెదవులు మాత్రం కదిలేది ఉపాంశువు. పెదవి కూడా కదలకుండా లోపల్లోపల జరిగేది మానసం. కొత్తవాడు మొదటిదానితో మొదలుపెట్టాలి. కానీ మంత్రం ఎవరి చెవినా పడకూడదు. ఇంట్లో సత్తెమ్మ ఉంటుంది, బస్సులో వీర్రాజు ఉంటాడు. ఈ భూమి మీద గొంతెత్తి అరిచినా ఎవరికీ వినపడని చోటు ఒక్కటే, బాయిలరు గది. ఐలన్న అక్కడ మొదలుపెట్టాడు. చేతులకు ఊకదుమ్ము కాబట్టి మాల పట్టకుండా వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ, ఫ్యాను హోరును మించిన గొంతుతో మంత్రం చదివేవాడు. బీహారు నుంచి వచ్చిన హెల్పరు దూరంనుంచి ఆ నోరు చూసి, ఉస్తాద్ బాయిలరును బండబూతులు తిడుతున్నాడని క్యాంటీనులో చెప్పాడు. అందుకే అది భయపడి బాగా పనిచేస్తోందని కూడా చెప్పాడు. ఊకా బొగ్గూ లేకుండా ఆవిరి పుట్టిందన్న కథకు బీజం అక్కడే పడి ఉండాలి.

కొన్నాళ్ళకు గొంతు తగ్గింది. ఆపైన పెదవులూ ఆగాయి. మంత్రం లోపలికి దిగింది. ఊక వేస్తున్నా, వాల్వు తిప్పుతున్నా, సద్దిడబ్బా మూత తీస్తున్నా అది తన దారిన తాను పోతూ వస్తూ ఉండేది. ఒకరోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఐలన్నకు హఠాత్తుగా తట్టింది, చెవిలో హోరు లేదు. పొయ్యిమీద కూర ఉడుకుతున్న చప్పుడు వినపడుతోంది. కళ్ళు తుడుచుకున్నాడు.

"కారమైందా?" అంది సత్తెమ్మ.

"లేదు. మంచిగున్నది."

సత్తెమ్మకు సంతోషమే గానీ అనుమానం కూడా వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చుని ఏదో గొణుగుతాడు. ఏమిటంటే చెప్పడు. మంత్రం వినపడదు గానీ, చివర నీళ్ళు వదిలేటప్పుడు పైకే అంటాడు కదా, అది మాత్రం స్పష్టంగా వినపడేది.

"లేస్తె కామేశ్వరరావు, పంటె కామేశ్వరరావు. ఏంది గీ ముచ్చట? పిల్లనిచ్చిన మా అయ్య పేరు ఒక్కనాడన్న గిట్ల తలిసినవా?"

"గురువు పేరే అది. నీకు తెల్వది."

"నాకు తెల్వదు గని, నీకు తెలుసా?"

ఆశ పెట్టుకోవద్దన్నారు కాబట్టి ఐలన్న ఆశ పెట్టుకోలేదు. ఆదివారాలు మాత్రం పొలానికి వెళ్ళి బావిలోకి ఒకసారి తొంగిచూసి వచ్చేవాడు. ఊరికే. మంచి వానలు పడిన ఏడు నీళ్ళు కాస్త పలచబడినట్టు అనిపిస్తే గట్టుమీద ఎక్కువసేపు కూర్చునేవాడు. చేత్తో తీసి వాసన చూసి, ఇంకా ఉంది అనుకుని, అలా అనుకోవడం ఆశ కిందికి వస్తుందేమోనని భయపడి గబగబా ఇంటిదారి పట్టేవాడు. ప్లాట్లు చేసేవాళ్ళు వచ్చి పొలం అడిగితే ఇవ్వనన్నాడు. ఎండిన పొలం పట్టుకుని ఏం చేస్తావని ఊరంతా నవ్వింది. నీళ్ళు తేటపడతాయని లోపల ఎక్కడో ఒక మూల అనుకుంటున్నట్టు అతను ఎవరికీ చెప్పలేదు. తనకు తానే చెప్పుకోలేదు.

ఇటు పటాన్‌చెరులో అన్నపూర్ణ కోలుకుంది. మామూలుగా కోలుకోవడం కాదు. డాక్టరు జాగ్రత్తలన్నీ వినేసి, మార్కెట్టుకు నడిచి వెళ్ళి సొరకాయలు మోసుకొచ్చేది. శ్రీశైలం మెట్లు పరుగున ఎక్కి, వెనకొచ్చే భర్త కోసం పైన నిలబడి కేకలు వేసిందని కామేశ్వరరావే బస్సులో చెప్పాడు. ఐలన్న కనిపిస్తే కూర్చోబెట్టి బూరెలు పెట్టేది. అక్కా, అక్కా అని ఐలన్న కూడా చనువుగా తిరిగేవాడు. ఆవిడ బాగుపడిందని నిజంగా సంతోషించాడు.

ఆ తరువాత ఒక కార్తీక సోమవారం సత్తెమ్మ అతన్ని పటాన్‌చెరు శివాలయానికి తీసుకువెళ్ళింది. ఆమె దీపాలు పెట్టుకుంటుంటే ఐలన్న మండపంలో ఒక మూల కూర్చుని జపం చేసుకున్నాడు. ముగించి, చెంబులో నీళ్ళు అరచేతిలో పోసుకుని, పొడుగాటి వాక్యం తప్పు లేకుండా చెప్పి వదిలాడు. పక్కనే పత్రి ఏరుతున్న ముసలి పూజారి చెవి ఇటు తిప్పాడు.

"బాగ చెప్పినవు. ఎవరి తరఫున చేస్తున్నవు జపం?"

"ఎవరి తరఫునేంది అయ్యగారూ? నాదే."

"నీ పేరు కామేశ్వరరావా?"

"కాదు. గాయన మా గురువు."

పూజారి పత్రి పక్కన పెట్టాడు. "గురువును తలుసుకునేది వేరే ఉంటది. నువ్వు చెప్పింది అది కాదు. ఈ జపఫలం ఫలానా గోత్రంల పుట్టిన ఫలానా కామేశ్వరరావుకు, ఆయన భార్యకు చెందాలె అని నీళ్ళు విడిచినవు. నాటు నువ్వేసినవు, కోత నువ్వు కోసినవు, గింజలు ఆయన గాదెల పోసినవు. పైసలిచ్చి మాతోని చేయించుకునే జపాలు గట్లనే ఉంటయి. ఎన్నాళ్ళ సంది చేస్తున్నవు?"

ఐలన్న చెంబు బోర్లించాడు. దీపాలు పెట్టి వచ్చిన సత్తెమ్మ అతని ముఖం చూసి ఏమైందని అడిగింది. పూజారి మళ్ళీ అంతా చెప్పాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా. మండపంలో ఉన్నవాళ్ళందరూ విన్నారు.

దారిలో సత్తెమ్మ ఎత్తిపొడుస్తుందని అనుకున్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

మర్నాటినుంచి ఐలన్న బస్సులో వెనక సీట్లో, టైరు మీద కూర్చున్నాడు. ముందు సీట్లోంచి కామేశ్వరరావు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. "ఏంటండీ, గురుశిష్యులకి పేచీ వచ్చిందా?" అని వీర్రాజు అడిగాడు. ఆ వారమంతా అలాగే నడిచింది. ఆదివారం ఐలన్న బావి దగ్గరికి వెళ్ళలేదు. పటాన్‌చెరు వెళ్ళాడు.

అన్నపూర్ణ తలుపు తీసింది. "రా తమ్ముడూ. వెనక సీట్లో కూర్చుంటున్నావట. ఆయన సరిగ్గా అన్నం తినటం లేదు. ఇద్దరూ మాటామాటా అనుకున్నారా?"

"ఏం లేదక్కా."

"ఉండు, నీకు మాగాయ తీసి ఇస్తాను," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. చెంపలు ఎర్రగా, చేతులు నిండుగా, బండలాగా ఉంది మనిషి. ఐలన్న ఆ వైపు చూడలేక పెరట్లోకి నడిచాడు.

కామేశ్వరరావు కరివేపచెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. "కూర్చో ఐలన్నా."

"కూసోను. ఒక్క మాట అడిగి పోత. నేను చేసిన జపం ఎవరిది?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పిండ్రో తర్వాత. ఎవరిది?"

కామేశ్వరరావు కరివేపాకు రెమ్మ ఒకటి తుంచాడు. "ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఊరి సిద్ధాంతిగారు జపం చెయ్యమన్నారు. నేను కూర్చున్నానయ్యా. కూర్చున్న మాట నిజం. సంచిలో వేళ్ళు తిరుగుతాయి, మనసు స్టోర్సులో బేరింగులు వెతుకుతుంది. ఎప్పుడూ అంతే. నువ్వు బస్సులో చూసింది కూడా అదే. అది జపం కాదు. నువ్వు మోట మాట అన్నావు చూడు, వీడి జపం నిలుస్తుంది అని అప్పుడే అనుకున్నాను."

"అంటే నన్ను ఎద్దును చేసినవు."

"అంత మాట అనకు."

"ఎద్దుకు గూడ ఎర్క ఉంటది సారూ, తను తోడిన నీళ్ళు ఏ మడికి పోతున్నయో."

కామేశ్వరరావు చేతిలోని రెమ్మ కింద పడేశాడు.

"ఫలం మీద ఆశ పెట్టుకోకన్నవు. పెట్టుకోలె. అయినా గని ఆదివారం ఆదివారం బాయికాడికి పోయిన. నేనేమన్న ఆశపడుతున్ననా, జపం పాడైతదా అని సిగ్గుపడుకుంట తొంగిచూసిన. నువ్వేమో ఈడ..." ఐలన్న ఇంట్లోకి చెయ్యి చూపించాడు. "అడిగితె ఇయ్యకపోతుంటినా? అక్కకు బాగలేదు, జెర నీ జపం ఇయ్యి అని ఒక్కమాటంటె, పొద్దు మాపు చేస్తుంటి."

"తెలుసు."

"తెలిసి గూడ?"

"అడిగితే నువ్వు ఇచ్చినవాడివి అవుతావు. నేను చెయ్యి చాపినవాణ్ణి అవుతాను." కామేశ్వరరావు నేల చూస్తూ అన్నాడు. "ఇలా అయితే నేను గురువునయ్యాను."

అంతకంటే దాచుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. గోలెం దగ్గరికి వెళ్ళి చెంబుతో నీళ్ళు ముంచుకుని వచ్చాడు. "తిరిగి ధారపోస్తాను. అంతా నీకే. చెయ్యి పట్టు."

ఐలన్న కుడిచెయ్యి లేచింది. నిజం చెప్పాలంటే ఆ చెయ్యి అతన్ని అడగకుండానే లేచింది. బావి, మడి, తేట నీళ్ళు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

లోపలినుంచి అన్నపూర్ణ కేకేసింది. "తమ్ముడూ! మాగాయ జాడీ అటక మీద ఉంది, అందటం లేదు. నేను పీట ఎక్కనా?"

"ఎక్కకు అక్కా!" అని ఐలన్న లోపలికి పరిగెత్తాడు. జాడీ దించి ఇచ్చాడు. "చల్లగా ఉండు నాయనా," అందావిడ, చీరకొంగుతో జాడీ దుమ్ము తుడుస్తూ. ఆవిడకు ఏమీ తెలియదు. ఐలన్న ఆవిడ ఊపిరి తీరు చూశాడు. నింపాదిగా, పొలంలో పనిచేసే ఆడమనిషి ఊపిరిలా ఉంది.

పెరట్లోకి తిరిగి వచ్చేసరికి కామేశ్వరరావు చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"వద్దు," అన్నాడు ఐలన్న.

"ఎందుకు వద్దు? నీదే కదా."

"అండ్ల అక్కది గూడ ఉన్నది. నువ్వు పోసినంక ఆమెకేమన్న అయితె? గంత పని నాతోని చేయించకు. ఇదివరకు చేయించింది చాలు."

జేబులోంచి రుద్రాక్షమాల తీసి బట్టలుతికే బండ మీద పెట్టాడు. కామేశ్వరరావు దాన్ని చూసి, "మాల ఇచ్చేస్తే మంత్రం పోతుందా?" అన్నాడు నెమ్మదిగా.

"గది గూడ ఇద్దామనే వచ్చిన. ఎట్ల ఇయ్యాలో ఎర్కుంటె చెప్పు."

ఆయనకు ఎరుక లేదు. మంత్రం చెవిలో ఎలా వేయాలో శాస్త్రాల్లో ఉంది, నాలుక మీద ఎలా తిప్పాలో ఉంది. చెవిలో పడినదాన్ని వెనక్కి తీసే ఉపాయం ఏ గురువూ ఏ శిష్యుడికీ చెప్పలేదు. ఐలన్న తన ప్రయత్నం తాను చేశాడు. ఊక తట్టలు లెక్కపెట్టుకుంటూ మంత్రాన్ని తొక్కిపెట్టాలని చూశాడు. తిరిగి మాంసం మొదలుపెట్టాడు. హెల్పరు దగ్గర బీహారీ పాటలు నేర్చుకుని పైకే పాడాడు. ఏ పాట పాడినా అడుగున అది నడుస్తూనే ఉండేది. పోనీ ఫ్యాను హోరన్నా తిరిగి రావాలని కోరుకున్నాడు. అదీ రాలేదు.

అన్నిటికంటే కష్టమైనది షిఫ్టు దిగాక చేతులు కడుక్కోవడం. కుళాయి కింద అరచేతిలోంచి నీళ్ళు జారగానే నాలుక దానంతటదే కౌండిన్యస గోత్రం అందుకునేది. ఐలన్న నాలుక కరుచుకునేవాడు. కొన్నిసార్లు ఆలస్యమయ్యేది, అప్పటికే పేరు కూడా అయిపోయేది. అలా ఆ తరువాత కూడా ఎంత జపం అటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

ఏడాది తిరక్కుండా పొలం ప్లాట్లవాళ్ళకు ఇచ్చేశాడు. సత్తెమ్మ వద్దనలేదు, సరే అనలేదు. సంతకం పెట్టి వచ్చినరోజు అతని పక్కన కూర్చుని, "నువ్వు చెయ్యకుంట ఉండలె గదా. ఎవలకో మేలైంది, గంతే," అంది. ఐలన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ప్లాట్లవాళ్ళు మొదట చేసిన పని బావి పూడ్చడం.

కామేశ్వరరావు ఉద్యోగం మానేసి భార్యతో తణుకు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు అన్నపూర్ణ మాగాయ సీసా పంపింది. ఐలన్న దాన్ని వీర్రాజుకు ఇచ్చేశాడు. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. కొత్తవాళ్ళు కూర్చున్నారు.

శివాలయం మండపంలో విన్నవాళ్ళలో కంపెనీవాళ్ళు ఇద్దరున్నారు. ఇంకేం, కథ బస్సెక్కింది. ఎక్కినచోటల్లా కొంత పెరిగింది. చివరికి వీర్రాజు ఉండబట్టలేక, బస్సు నిండా జనం ఉండగా అడిగేశాడు.

"ఐలన్నా, కామేశ్వరరావు బాబాయ్‌గారు నీ జపం అంతా ఎత్తుకుపోయారంట, నిజమేనంటావా?"

ఐలన్న కిటికీలోంచి తల తిప్పాడు.

"ఏ కామేశ్వరరావు?"

"అదేంటండీ! స్టోర్సు బాబాయ్‌గారు. నువ్వు ఆయన పక్కనే కూర్చునేవాడివి కదా."

"గా పేరుగల్లోడు నాకెవ్వడు ఎర్కలేడు. నేను ఎవ్వని పక్కన కూసోలె. నాకు మంత్రం లేదు గింత్రం లేదు. జపం ఎట్ల చేస్తరో నాకు తెల్వనే తెల్వదు. మాకు బాయి ఎన్నడు లేదు. గిదంత ఎవడో కూసోని అల్లిండు."